పానిక్ ఎటాక్‌కు మందు లేని చికిత్స: విజయవాడలోని ఒక సీబీటీ క్లినిక్‌పై సమీక్ష

విజయవాడ సూర్యారావుపేటలో ఒక క్లినికల్ సైకాలజిస్ట్ నడుపుతున్న చిన్న క్లినిక్‌లో, పానిక్ ఎటాక్‌ల కోసం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే, అందరూ సీబీటీ అని పిలిచే చికిత్సను, దాదాపు మూడు నెలల పాటు వారానికి ఒక గంట చొప్పున తీసుకున్నాను. ఆ చికిత్స ఎలా ఉంటుందో, అక్కడ అది ఎలా అందిందో ఈ సమీక్షలో వివరంగా రాస్తున్నాను. క్లినిక్ పేరు రాయడం లేదు. ఈ చికిత్స ఆ ఒక్క చోట మాత్రమే దొరికేది కాదు కనుక, ఎక్కడికి వెళ్లినా అందులో ఏది ఉండాలో, ఏది లేకపోతే కట్టిన ఫీజు దండగ అవుతుందో పాఠకులకు తెలియడం ముఖ్యమని భావిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: నా విషయంలో ఇది చాలా బాగా పనిచేసింది. ఏ గుండెదడకు, ఏ ఊపిరి బిగుతుకు భయపడి నేను పారిపోతూ వచ్చానో, వాటినే కావాలని, పదేపదే, నాకు నేనుగా తెప్పించుకునేలా చేయడమే అందుకు ప్రధాన కారణం.

నేను గుంటూరులో ఒక డిగ్రీ కళాశాలలో అధ్యాపకుణ్ణి. కాపురం విజయవాడలో కాబట్టి రోజూ బస్సులో వెళ్లి వస్తాను. కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్ ఆగిపోయిన ఒక ఉదయం, ఏ కారణమూ లేకుండా గుండె వేగంగా కొట్టుకోవడం, ఎంత పీల్చినా గాలి చాలకపోవడం, అరచేతులకు చెమటలు పట్టి వేళ్లు తిమ్మిరెక్కడం, చుట్టూ ఉన్న మనుషులు, మాటలు దూరంగా జరిగిపోతున్నట్టు అనిపించడం అన్నీ ఒక్కసారిగా ముంచుకొచ్చాయి. ఆస్పత్రిలో ఈసీజీ, టూడీ ఎకో, రక్తపరీక్షలు చేసి, గుండె బాగానే ఉందని, గ్యాస్ అయి ఉంటుందని, టెన్షన్ పడవద్దని చెప్పి పంపించారు. ఆ తర్వాత అది మళ్లీ వచ్చింది. ఒకటి రెండు సార్లు నిద్రలోనే వచ్చి లేపేసింది. ఇంటికి వచ్చిన బంధువుల్లో నరాల బలహీనత అన్నవారు ఉన్నారు, దిష్టి తీసిపోయిన పెద్దమ్మ ఉన్నారు. ఎటాక్ కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి చేరి, ఆపై దిగిపోతుంది. కానీ మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న ఎదురుచూపు మాత్రం రోజంతా ఉంటుంది, జీవితాన్ని కుదించేది కూడా అదే. బస్సు మాని స్నేహితుడి కారులో వెళ్లడం, లిఫ్టు మాని మెట్లెక్కడం, సినిమా హాలులో దారి పక్క సీటు కోసం వెతకడం, పెళ్లి విందులో రెండో బంతికి ఆగలేక ముందే వచ్చేయడం ఇలాగే ఒకటొకటిగా మొదలయ్యాయి.

మొదటి రోజు సైకాలజిస్ట్ గారు చికిత్స జోలికి వెళ్లలేదు, ఆ గంటంతా ప్రశ్నలకే కేటాయించారు. పాత రిపోర్టులన్నీ తెమ్మని ముందే ఫోన్‌లో చెప్పారు. థైరాయిడ్ పరీక్ష వాటిలో లేకపోవడం చూసి, అది చేయించాకే ముందుకు వెళదామన్నారు. థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా, గుండె లయ తప్పే జబ్బులు ఉన్నా, ఉబ్బసం ఉన్నా పానిక్‌ను పోలిన లక్షణాలే కనిపిస్తాయని, వాటిని తోసిపుచ్చకుండా మనసు మీద నెపం వేయడం తప్పని ఆమె అన్నారు. కాఫీ ఎన్నిసార్లు తాగుతాను, నిద్ర ఎంత, మద్యం అలవాటు ఉందా, ఎవరైనా నిద్రమాత్రలు రాశారా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అడిగారు. చనిపోవాలనే ఆలోచనలు ఎప్పుడైనా వచ్చాయా అన్న ప్రశ్నను కూడా తడబాటు లేకుండా, మామూలు గొంతుతోనే అడిగారు. ఆమె ఎంఫిల్ చేసి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ)లో నమోదైన క్లినికల్ సైకాలజిస్ట్; ఆ నమోదు సంఖ్య గోడ మీద అందరికీ కనిపించేలా ఉంది. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నవారందరికీ ఈ అర్హత ఉండదు కాబట్టి ఈ విషయం ప్రత్యేకంగా చెబుతున్నాను.

రెండో వారం నుంచి అసలు పని మొదలైంది. వారధి మీద ఆ రోజు ఏం జరిగిందో నా చేతే, ఒక్కో అడుగూ విడివిడిగా, తెల్లకాగితం మీద రాయించారు. ముందు రాత్రి నిద్ర లేదు, పొద్దున్నే రెండు కాఫీలు, బస్సులో ఉక్కపోత. దాంతో గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది. ఆ దడను నేను గమనించాను, ఇది గుండెపోటు అన్న ఆలోచన వచ్చింది, ఆ ఆలోచనకు శరీరం భయపడి మరింత వేగంగా స్పందించింది, ఆ వేగాన్ని చూసి నా అనుమానం రూఢి అయింది. ఆమె ఈ అడుగుల చుట్టూ బాణాలు గీసి, చివరిదాన్ని తెచ్చి మొదటిదానికి కలిపారు. ఈ వివరణకు మూలం 1986లో బ్రిటన్‌కు చెందిన డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించిన నమూనా. శరీరంలో కలిగే మామూలు మార్పులను రాబోయే ప్రాణాపాయానికి గుర్తుగా తీసుకోవడమే పానిక్‌కు ఇంధనమని ఆయన సిద్ధాంతం. అప్పటివరకు నాకు ఎటాక్ అంటే ఎక్కడి నుంచో వచ్చి మీద పడేది. నా ఉదయమే కాగితం మీద గొలుసులా కనిపించాక, దానిలో ఏ లంకెను తెంపవచ్చో మొదటిసారి ఆలోచించగలిగాను.

శరీర ధర్మాలను కూడా ఆమె ఓపికగా చెప్పారు. భయంలో మనం అవసరానికి మించి వేగంగా, లోతుగా ఊపిరి తీస్తాం. ఆక్సిజన్‌కు ఏ లోటూ ఉండదు, కానీ రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. దాంతో రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది, మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొంత సన్నబడతాయి; తల తేలికవడం, కళ్లు తిరిగినట్టుండడం, వేళ్లూ పెదవులూ తిమ్మిరెక్కడం అందువల్లే. గాలి చాలడం లేదని ఇంకా గట్టిగా పీల్చే కొద్దీ ఈ లక్షణాలు పెరుగుతాయి తప్ప తగ్గవు. నా పెద్ద భయం నడిబజారులో స్పృహ తప్పి పడిపోతానేమోనని. సాధారణంగా స్పృహ తప్పేది రక్తపోటు ఒక్కసారిగా పడిపోయినప్పుడని, పానిక్‌లో రక్తపోటు పెరుగుతుందని, అందుకే కళ్లు తిరుగుతున్నట్టు ఎంత అనిపించినా నిజంగా పడిపోవడం అరుదని ఆమె వివరించారు. ఇన్ని ఎటాక్‌లు వచ్చినా నేను ఒక్కసారీ పడిపోలేదన్న సంగతి నాకు తెలిసినదే అయినా, దాన్ని సాక్ష్యంగా అప్పటిదాకా ఎన్నడూ తీసుకోలేదు.

ఇంతవరకు చెప్పినది మంచి పుస్తకం చదివినా తెలుస్తుంది. ఆ క్లినిక్‌కు కట్టిన ఫీజుకు నిజమైన విలువ దక్కింది మాత్రం ఇంటరోసెప్టివ్ ఎక్స్‌పోజర్ అనే అభ్యాసంలో. అంటే, ఎటాక్‌లో కలిగే శారీరక అనుభూతులను గదిలో కూర్చుని, తెలిసి తెలిసి పుట్టించుకోవడం. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ బార్లో బృందం పానిక్ చికిత్సలో దీన్ని ముఖ్య భాగంగా చేసింది. నాకు గుండె జబ్బు, మూర్ఛ, ఉబ్బసం లేవని మరోసారి నిర్ధారించుకున్నాకే ఆమె దీన్ని మొదలుపెట్టారు. అవి ఉన్నవారు, గర్భిణులు వైద్యుడి అనుమతి లేకుండా ఈ అభ్యాసాలు చేయకూడదు.

మొదటిది తిరిగే కుర్చీ. ఒక నిమిషం పాటు కుర్చీని ఆమె తిప్పారు, ఆపగానే కళ్లు తెరిచి లేచి నిలబడమన్నారు. కళ్లు తిరిగాయి, కడుపులో తిప్పింది, కానీ భయం పెద్దగా కలగలేదు. రెండోది, ముక్కు మూసుకుని కూల్‌డ్రింక్ స్ట్రా గుండా మాత్రమే రెండు నిమిషాలు ఊపిరి తీయడం. అది కొంచెం కష్టమైంది. మూడోది ఒక నిమిషం పాటు నోటితో వేగంగా, లోతుగా ఊపిరి తీసి వదలడం. సగంలోనే వేళ్లు తిమ్మిరెక్కాయి, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది, ఎదురుగా ఉన్న గోడ గడియారం అద్దం వెనక ఉన్నట్టు మసకగా కనిపించింది. అక్షరాలా వారధి మీది అనుభవమే అది. నేను చెయ్యెత్తి ఆపేద్దామన్నాను.

"ఇప్పుడు భయం పదికి ఎంతండీ?" అని అడిగారు ఆమె.

"ఎనిమిది, మేడమ్. నీళ్లు తాగుతాను."

"ఇప్పుడే వద్దు. నీళ్లు తాగకుండా, ఊపిరిని సరిచేసుకోకుండా, ఏమీ చేయకుండా అలాగే కూర్చోండి. మీరేమీ చేయకపోతే అది ఏమవుతుందో ఇద్దరం చూద్దాం."

చూశాం. ఎనిమిది కాసేపు ఎనిమిదిగానే ఉంది, తర్వాత ఆరయింది, గదిలోని ఫ్యాన్ చప్పుడు మళ్లీ మామూలుగా వినిపించింది, వేళ్లలో తిమ్మిరి ముందుగా చిటికెన వేలి నుంచి దిగడం మొదలుపెట్టింది. నేను ఏమీ చేయలేదు. అది దానంతట అదే తగ్గింది. అదే గంటలో ఆ అభ్యాసాన్ని మళ్లీ మళ్లీ చేయించారు. ప్రతిసారీ తిమ్మిరి అంతే వచ్చింది, భయం మాత్రం తగ్గుతూ వచ్చింది. లక్షణమూ భయమూ ఒకదాని నుంచి ఒకటి విడిపోవడాన్ని నా కళ్లతో నేను చూడడం ఈ చికిత్స మొత్తంలో అత్యంత విలువైన ఘట్టం. ఇంటికి వెళ్లాక రోజూ ఇదే చేసి, ముందు ఏం జరుగుతుందని అనుకున్నానో, తర్వాత నిజంగా ఏం జరిగిందో పక్కపక్క గడుల్లో రాయమన్నారు. అపార్ట్‌మెంట్ మెట్లు పరుగున ఎక్కి దడ తెప్పించుకోవడం, తలను కాళ్ల మధ్యకు వంచి చటుక్కున లేవడం ఆ తర్వాతి వారాల్లో చేరాయి. మా అమ్మాయికి స్ట్రా అభ్యాసం ఎంత నచ్చిందంటే, సాయంత్రాలు గడియారం పట్టుకుని నా నిమిషాలు లెక్కపెట్టే బాధ్యత తనే తీసుకుంది.

చికిత్సలో నాకు అన్నిటికంటే కష్టమైన భాగం రక్షణ అలవాట్లను వదలడం. జేబులో ఎప్పుడూ ఒక మాత్రల స్ట్రిప్, సంచిలో నీళ్ల సీసా, చేతిలో ఫోన్, బస్సులో తలుపు దగ్గరి సీటు నా వెంట ఉండేవి. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్‌ను రోజుకు ఎన్నిసార్లు వేలికి తగిలించుకునేవాణ్ణో నాకే తెలియదు. సంఖ్య 97 చూపిస్తే కాసేపు ధైర్యం, 95 చూపిస్తే గాభరా. ఇవి ఉన్నంతకాలం, ఏ ప్రమాదమూ జరగకపోవడానికి కారణం వీటి కాపలాయేనని మనసు నమ్ముతుంది. అసలు ప్రమాదమే లేదన్న పాఠం ఎప్పటికీ నేర్చుకోదు. సైకాలజిస్ట్ గారు వాటన్నిటినీ ఒక్కసారిగా లాక్కోలేదు. ముందు ఆక్సీమీటర్‌ను మా బావగారింటికి పంపించేయమన్నారు, తర్వాత సీసా, చివరికి స్ట్రిప్. మా ఆవిడను కూడా ఒక రోజు పిలిచి, నేను "నాకేమీ కాదు కదా" అని అడిగినప్పుడల్లా "ఏమీ కాదండీ" అని ఊరడించడం మాని, "మీ కాగితంలో ఏం రాసుకున్నారో చూడండి" అని మాత్రం అనమని చెప్పారు. మొదట్లో మా ఆవిడకు అది కఠినంగా అనిపించింది. ప్రాణం పోతోందన్నట్టు ఉన్న మనిషిని ఊరుకోబెట్టకుండా ఉండడం మన ఇళ్లలో తేలిక కాదు. అందుకే కుటుంబ సభ్యులకు ఒక గంట కేటాయించని క్లినిక్ ఈ విషయంలో సగం పనే చేస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చివరి నెల అంతా బయటి అభ్యాసాలకే సరిపోయింది. తేలిక నుంచి కష్టం వైపు ఒక జాబితా వేసి, లిఫ్టులో ఒంటరిగా వెళ్లడంతో మొదలుపెట్టి, బీసెంట్ రోడ్డులో పండుగ రద్దీ మధ్య నిలబడడం దాటి, నెహ్రూ బస్‌స్టేషన్‌లో గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కడం వరకు వెళ్లాం. ఆ బస్సు ప్రయాణానికి ఆమె పెట్టిన షరతు, కిటికీ పక్క సీటులో, మధ్య వరుసలో, ఎవరూ తోడు లేకుండా కూర్చోవాలన్నది. వారధి మీదికి ఎక్కగానే దడ మొదలైంది. దాన్ని ఆపడానికి ప్రయత్నించవద్దని, వీలైతే ఇంకా రమ్మని పిలవమని ఆమె ముందే చెప్పి ఉన్నారు. నేను అలాగే మనసులో పిలిచాను. కృష్ణ దాటి తాడేపల్లి చేరేసరికి అది పలచబడింది, మంగళగిరి దగ్గర నాకు ఆకలి గుర్తొచ్చింది. ఇప్పుడు రోజూ అదే బస్సులో వెళ్తున్నాను. దడ అప్పుడప్పుడు వస్తుంది. దాని కోసం నేను బస్సు దిగడం లేదు.

శ్వాస అభ్యాసాల గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మందు లేని చికిత్స అనగానే మనవాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది ప్రాణాయామమే. ఈ క్లినిక్‌లో నెమ్మదిగా ఊపిరి తీసే పద్ధతిని ఒక రోజు నేర్పారు కానీ, ఎటాక్ సమయంలో దాన్ని ఆయుధంగా వాడవద్దన్నారు. అలా వాడితే అది కూడా నీళ్ల సీసా లాంటి మరో రక్షణ అలవాటుగా మారే అవకాశం ఉంది. పరిశోధన కూడా సడలింపు కంటే ఎదుర్కోవడాన్నే సమర్థిస్తోంది. పానిక్‌కు సీబీటీలోని ఏ అంశం ఎంత మేలు చేస్తుందో విడదీసి చూసిన 2018 నాటి ఒక పెద్ద విశ్లేషణలో, శరీర అనుభూతులను ఎదుర్కొనే అభ్యాసం, చికిత్సకుడిని ముఖాముఖి కలవడం మంచి ఫలితాలతో ముడిపడి కనిపించగా, కండరాలను సడలించే అభ్యాసం తక్కువ ఫలితంతో ముడిపడింది. ప్రాణాయామం ఆరోగ్యానికి మంచిదన్న విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. నేనూ ఉదయాన్నే చేస్తాను. కానీ పానిక్ వచ్చిన మనిషికి కళ్లు మూయించి, మంద్ర సంగీతం పెట్టి, సడలింపు ఒక్కటే నేర్పి పంపే సేవలను చూస్తే, నీళ్లంటే భయపడేవాణ్ణి ఒడ్డున కూర్చోబెట్టి ఈత పాఠం చెప్పినట్టు అనిపిస్తుంది. కాగితం సంచిలో ఊపిరి తీయమనే పాత చిట్కాను మాత్రం ఎవరూ పాటించకూడదు. వచ్చింది నిజంగా ఉబ్బసమో గుండెపోటో అయితే అది ప్రాణం మీదికి తెస్తుంది.

క్లినిక్‌లో లోపాలు లేకపోలేదు. అన్నిటికంటే పెద్దది, రాసుకోవడానికి ఇచ్చిన పత్రాలన్నీ ఇంగ్లీషులో ఉండడం. సైకాలజిస్ట్ గారు చక్కటి తెలుగులో మాట్లాడతారు, కానీ ఇంటికి ఇచ్చిన కాగితంలోని గడుల పైన ఉన్న మాటలు ఆంగ్ల పాఠ్యపుస్తకం నుంచి నేరుగా వచ్చినవి. నాకు ఇబ్బంది లేకపోయినా, వేచి ఉండే గదిలో పరిచయమైన పెద్దావిడ, తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చినామె, తన కాగితాన్ని మనవడి చేత పూరింపజేస్తున్నానని చెప్పారు. తన భయాన్ని తన మాటల్లో తానే రాసుకోవడం ఈ చికిత్సకు ఆయువుపట్టు. ఆ పని మనవడు చేస్తే ఆమెకు దక్కేది తక్కువ. రెండు పేజీల తెలుగు పత్రం తయారు చేయడం పెద్ద ఖర్చు కాదు. ఈ మాట నేను క్లినిక్‌లో చెప్పాను, నేనే ఒక నమూనా రాసి ఇచ్చాను కూడా. ఇక గదుల మధ్య గోడ పలుచన, పక్క గది మాటలు లీలగా వినిపిస్తాయి. సాయంత్రం అపాయింట్‌మెంట్‌లు త్వరగా నిండిపోతాయి. ఫీజు గంటకు వెయ్యి రూపాయలు దాటుతుంది కనుక మూడు నెలలకు మధ్యతరగతి జీతంలో అది లెక్కకు వచ్చే మొత్తమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలని చెబుతున్నా, చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బు ఇస్తాయి కాబట్టి, ఇలా వచ్చి వెళ్లే చికిత్సకు జేబు నుంచే కట్టుకోవాలి.

మందుల గురించి ఈ క్లినిక్ వైఖరి నాకు నచ్చింది. మందులు చెడ్డవని అక్కడ ఎవరూ అనలేదు. పానిక్‌కు సైకియాట్రిస్టులు ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ తరగతి మందులు (కుంగుబాటుకూ వాడేవి) చాలామందికి మేలు చేస్తాయి, తీవ్రమైన కుంగుబాటు కూడా ఉన్నవారికి అవి తప్పనిసరి కావచ్చు. ఆల్ప్రజోలం, క్లోనజెపం వంటి మాత్రల సంగతి వేరు. అవి వెంటనే ఉపశమనం ఇస్తాయి కానీ అలవాటుగా మారతాయి. బ్రిటన్‌లో వైద్యులకు చికిత్సా సూచనలు రూపొందించే నైస్ సంస్థ మార్గదర్శకాలు పానిక్ డిజార్డర్‌కు ఆల్ప్రజోలం తరగతి మందులు రాయవద్దంటాయి, సీబీటీకి మొత్తం 7 నుంచి 14 గంటల వ్యవధి సరిపోతుందంటాయి. అయితే ఇప్పటికే ఆ మాత్రలు వాడుతున్నవారు ఇది చదివి రేపటి నుంచి మానేస్తే మూర్ఛ వచ్చే ప్రమాదం కూడా ఉంది. రాసిన డాక్టరు పర్యవేక్షణలో మోతాదును కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. బార్లో బృందం 312 మందిపై జరిపి 2000లో ప్రచురించిన అధ్యయనంలో సీబీటీ, ఇమిప్రమిన్ అనే పాతకాలపు కుంగుబాటు మందు రెండూ మేలు చేశాయి. చికిత్స ఆపిన ఆరు నెలల తర్వాత చూస్తే మాత్రం, మందు లేకుండా సీబీటీ తీసుకున్నవారిలో ఆ మేలు ఎక్కువగా నిలిచి ఉంది. నేను మందు లేని దారిని ఎంచుకోవడానికి ఈ ఫలితమే కారణం, మందుల మీద విముఖత కాదు.

మరో హెచ్చరిక కూడా అవసరం. పానిక్ అని ఒకసారి తేలిన తర్వాత కూడా, ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి ఎడమ చేతికో దవడకో పాకినా, నడుస్తుంటే పెరిగి ఆగితే తగ్గినా, నిజంగానే స్పృహ తప్పినా అభ్యాసాలతో కాలయాపన చేయకుండా 108కి ఫోన్ చేయాలి. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, వయసు మళ్లాక మొదటిసారి ఇలాంటి లక్షణాలు చూసినవారు దీన్ని ముందుగా గుండె వైద్యుడి దగ్గరే తేల్చుకోవాలి.

ప్రైవేటు ఫీజు కట్టలేనివారికి హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగాలూ ఉన్నాయి. అక్కడ రద్దీ వల్ల ఒక్కో రోగికి గంట సమయం దొరకడం కష్టమే అయినా, సరైన రోగ నిర్ధారణకు అవి నమ్మదగినవి. అర్ధరాత్రి ఎటాక్ వచ్చి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అది కాసేపటి ఆసరాకు, ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవడానికి ఉపయోగపడుతుంది; వారాల తరబడి సాగే ఈ చికిత్సకు బదులు కాదు.

ఇదే సమస్యతో బాధపడుతున్న మా కళాశాల సహోద్యోగి ఒకరు, సొంతూరు రాజమండ్రిలో ఎవరి దగ్గరికి వెళ్లాలని అడిగినప్పుడు, అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఫోన్‌లో అడగమని ఆయనకు కొన్ని ప్రశ్నలు చెప్పాను. మీకు ఆర్‌సీఐ నమోదు ఉందా? ఇది సుమారు ఎన్ని వారాలు పడుతుంది? ఇంటి దగ్గర చేయడానికి రాతపని ఇస్తారా, అది తెలుగులో ఉంటుందా? గుండెదడనూ కళ్లు తిరగడాన్నీ గదిలోనే కావాలని తెప్పించి ఎదుర్కొనే అభ్యాసం చేయిస్తారా? ఆయన మొదట ఫోన్ చేసిన చోట చివరి ప్రశ్నకు "అలాంటివి మేం చేయమండీ, మేం రిలాక్సేషన్ నేర్పుతాం" అన్న సమాధానం వచ్చింది. రెండో చోట "చేయిస్తాం, ముందు మీ ఈసీజీ, థైరాయిడ్ రిపోర్టులు తీసుకురండి" అన్నారు. ఆయన రెండో చోటికే వెళ్తున్నారు.